వంశధార పుట్టినింటి పండుగ



నేడు నేను చెప్పదలచిన విషయము మన జిల్లా పొలిమేర దాటియున్న యొక కొండను గూర్చినది. దానిపేరు నియమగిరి. ఒడిశా రాష్ట్రమున రాయగడ, కలహండి జిల్లాల నడుమ నున్నది. ఆ కొండలలో డోంగ్రియా కోదులను గిరిజనులు నివసించుచున్నారు. వారి సంఖ్య యెనిమిదివేలకు సుమారుగా నుండును. ప్రతిసంవత్సరమును ఫిబ్రవరి మాసమున వారందరును కొండమీద గూడి తమ దైవమైన నియమరాజునకు పండుగ చేయుదురు. అది పండుగయే, డప్పులు, ఆటలు, పాటలు, మ్రొక్కులు అన్నియు నుండును. కాని కొండను త్రవ్వరాదని లోకమునకు చాటిచెప్పు సభయు నదియే. ఒకచేత నైవేద్యమును, మరియొకచేత అర్జీని పట్టుకొని చేయు పండుగ యిది. ఉద్యోగవిరమణానంతరము నేను రెండు పర్యాయములు అచ్చటికి పోయి, వాలంటీరుగా నుండి వచ్చితిని. చూచినది, చేసినది, ఆలోచించినది మీతో మనవి చేసెదను.

మొదటి పర్యాయము పోవునపుడు మా నిమ్మాడ రచ్చబండకడ నొక పెద్ద నన్నాపి, "ఏటి మేష్టారూ, ఆ కొండోళ్ళ పండక్కి మీకేటి పని?" అని యడిగెను. న్యాయమైన ప్రశ్న. మనకు సంక్రాంతి కలదు, గ్రామదేవత సంబరము కలదు, శివరాత్రికి ముఖలింగమునకు పోవుట కలదు. కోదుల పండుగలో నిమ్మాడవాని కేమి పని? ఆనాడు చేతిసంచితో నిలుచుండి చెప్పలేని సమాధానమును ఈ రేడియో ముఖమున చెప్పుటకు పూనుకొన్నాను.

వంశధారా నది కలహండి, రాయగడ జిల్లాల సరిహద్దు కొండలలో బుట్టుచున్నది. నియమగిరినుండి దిగు సెలయేళ్ళు పెక్కులు లాంజిగఢ్ ప్రాంతమున దానిలో కలియుచున్నవి. అచ్చటినుండి గుణుపురము మీదుగా పారి, మన పాతపట్టణపు వైపు వచ్చి, మహేంద్రతనయను తనలో గలుపుకొని, హిరమండలముకడ గొట్టా ఆనకట్టను చేరుచున్నది. పుట్టినచోటినుండి కళింగపట్టణముకడ సముద్రమున బడువరకు సుమారు 254 కిలోమీటర్ల నడక. గొట్టాకడ ఎడమకాలువ బయలుదేరి, నూరు కిలోమీటర్లకు పైగా సాగి, జలుమూరు, నరసన్నపేట, కోటబొమ్మాళి, టెక్కలి, సంతబొమ్మాళి, పలాస ప్రాంతములలో లక్షన్నర ఎకరములకు చేరువైన భూమికి నీరందించుటకై ఏర్పడినది. చివరి భూములకు ఆ నీరు చేరుచున్నదా యనునది వేరు కథ; ఆ కథ యెత్తినచో నాకిచ్చిన వ్యవధి చాలదు.

ఈ నదీజలములకొరకు రెండు రాష్ట్రములును వాదులాడుకొన్న సంగతి మీరెరుగుదురు. 1962లో ఉభయులును ఒప్పందము చేసికొని, నదిలోని నీరు 115 టి.ఎం.సి. లని లెక్కగట్టి, చెరిసగము పంచుకొన్నారు. పిమ్మట నేరడి ఆనకట్ట విషయమున తగవు ముదిరి, 2010లో ట్రిబ్యునలు ఏర్పడి, 2017 సెప్టెంబరులో తీర్పు చెప్పినది. ఇన్నియేండ్లు ఇందరు వకీళ్ళు, ఇందరు ఇంజనీర్లు వాటాను గూర్చి వాదించిరి. పాలు పంచుకొనుటకు చెంబులు తెచ్చిన అన్నదమ్ములలో ఆవుకు మేత యెవరు వేయుచున్నారని విచారించినవా రెందరు? ఆ ట్రిబ్యునలు ఏర్పడిన 2010వ సంవత్సరముననే నియమగిరిపై గని త్రవ్వవచ్చునా కూడదా యను విచారణ ఢిల్లీలో ముదిరి పాకమున బడినది. మన జిల్లాలో ఆ రెండు వార్తలను కలిపి చదివినవారు అరుదు.

ఇక నా కొండ సంగతి. నియమగిరి శిఖరము సూదిమొనవలె నుండదు; పీటవలె బల్లపరుపుగా నుండును. ఆ బల్లపరుపు భాగమున నేలక్రింద బాక్సైటు అను ఖనిజము పొరగా పరచుకొనియున్నది. ఆ పొర యెర్రనిది, గుల్లగుల్లగా నుండునది. వానకాలమున కురిసిన నీటిని స్పంజివలె పీల్చుకొని, వేసవిలో కొద్దికొద్దిగా క్రిందికి విడుచును. అందువలననే వైశాఖమాసమున మన ఉద్దానపు నూతులు అడుగంటినపుడును ఆ కొండప్రక్కల ఊటలు పారుచుండును. మన యిండ్లలో ఎండకాలమున కుండక్రింద ఇసుక పోసి తడిపి యుంచుట లేదా? ఇసుక తీసివేసినచో కుండ యుండును, చల్లదనముండదు. అట్లే బాక్సైటు తీసివేసినను కొండ యుండును. ఊటలమాట చెప్పలేము.

బాక్సైటునుండియే అల్యూమినియము వచ్చును. మనము సిల్వరు గిన్నెలనునవి అవియే. మా యింటను ఉన్నవి. విద్యుత్తు తీగలు, బస్సుల కమ్ములు, రైలుపెట్టెలు, విమానములు దానితో చేయుదురు. కనుక ఆ లోహమే లోకమున కక్కరలేదని నేను చెప్పను. చెప్పినచో ఈ మాటను మీయింటికి మోసికొనివచ్చు యంత్రములోని తీగలే నన్ను జూచి నవ్వును. లెక్క మాత్రము తెలిసికొనవలెను. రెండుటన్నులకు పైగా బాక్సైటు కరిగించినగాని ఒక టన్ను అల్యూమినా యను తెల్లనిపొడి రాదు. అట్టిపొడి రెండుటన్నులైనగాని ఒక టన్ను లోహము కాదు. మిగిలినది ఎర్రబురద. కాష్టికు సోడా కలిసిన యా బురదను పెద్ద చెరువులు గట్టి నిలువచేయుదురు. హంగరీ దేశమున 2010 అక్టోబరు 4వ తేదీని అట్టి చెరువుగట్టు తెగి, కొలొంతార్ అను గ్రామమును ముంచి, పదిమంది మరణించిరి. ఆ దేశపు మార్కల్ నదిలో ప్రాణియన్నది మిగులలేదు.

నియమగిరి మీద త్రవ్వదలచిన నిక్షేపము సుమారు ఏడుకోట్ల ఇరువదిలక్షల టన్నులు. ఒరిస్సా మైనింగు కార్పొరేషను ద్వారా దానిని పొంది, లాంజిగఢ్‌లో తాము కట్టిన అల్యూమినా కర్మాగారమునకు వాడుకొనవలెనని వేదాంత సంస్థవారి సంకల్పము. కర్మాగారము 2007లోనే పనిచేయ నారంభించినది; కొండమీద గనికి మాత్రము అనుమతి యింకను రాలేదు! పెండ్లికొడుకు కుదురకమునుపే పందిరి వేసినట్లున్నది. ఏటికి ముప్పదిలక్షల టన్నులు త్రవ్వుదుమని లెక్క. భాగించి చూడుడు: ఇరువదినాలుగేండ్లలో నిక్షేపము పూర్తియగును. ఒకతరము కొండను తిన్నచో, తరువాతి తరమునకు గుంత మిగులును.

కోదులు లెక్కలు వేయలేదు, అడ్డు నిలిచిరి. శిఖరము నియమరాజు స్థానమని, అచ్చట చెట్టు నరుకరాదని వారికి తాతలనాటి కట్టడి కలదు. కేంద్ర ప్రభుత్వము నియమించిన సక్సేనా సంఘము 2010 ఆగస్టులో నివేదిక సమర్పించినది. ఆ నెలయందే కేంద్ర పర్యావరణశాఖ అటవీ అనుమతి నిరాకరించినది. వ్యాజ్యము సుప్రీముకోర్టునకు పోయెను. 2013 ఏప్రిలు 18వ తేదీని ఆ న్యాయస్థానము తీర్పు చెప్పుచు, 2006 నాటి అటవీహక్కుల చట్టము ననుసరించి, ఈ కొండయందు ప్రజలకుగల మతహక్కులు, సంస్కృతీహక్కులు ఏవియో గ్రామసభలే తేల్చవలెననినది. జిల్లా జడ్జి హోదాగల న్యాయాధికారి ఆ సభలలో కూర్చుండవలెననియు శాసించినది.

పెద్దలారా, ఈ ఘట్టమును కొంచెము నిదానముగా చెప్పనిండు. పంచాయతీలలో దశాబ్దములు గడిపినవారు మీలో పెక్కుమంది యున్నారు. గ్రామసభ యన మన యూళ్ళలో నెట్లు జరుగునో మీకు చెప్పనక్కరలేదు. పుస్తకమున సంతకములు ముందుగనే యుండును. సభ తరువాత నుండును. ఒక్కొకప్పుడు సభ యుండనే యుండదు. అట్టి గ్రామసభకు దేశమందలి అత్యున్నత న్యాయస్థానము ఒక పర్వతమును అప్పగించినది. ఆ కొండలలో నూటికి పైగా పల్లెలుండగా, రాష్ట్ర ప్రభుత్వమువారు పండ్రెండింటిని మాత్రమే ఎన్నుకొనిరి: రాయగడ జిల్లాలో ఏడు, కలహండిలో ఐదు. అన్ని పల్లెలను అడుగవలెనని కోదులు మొరపెట్టుకొన్నను వినలేదు. చిన్నచిన్న పల్లెలు, చేతివ్రేళ్ళపై లెక్కింపదగినంత మంది వోటర్లున్నవియు వానిలో కలవు. వానిని వంచుట సులభమని కొందరు తలచియుందురు.

2013 జూలై 18న సెర్కపాడి అను పల్లెలో మొదటి సభ జరిగెను. వాన కురియుచుండు కాలము. న్యాయాధికారి వచ్చెను, పోలీసులు వచ్చిరి, పత్రికలవారు వచ్చిరి. కోదులు ఒక్కొక్కరుగా లేచి తమ భాషలో చెప్పిరి. దానిని అనువదించి వ్రాసికొనిరి. ఆ పల్లె కూడదనెను. తరువాతిదియు కూడదనెను. పండ్రెండవదియైన జరపాలో ఆగస్టు 19న కడపటి సభ జరిగెను, అదియు కూడదనెను. పండ్రెండు పల్లెలలో నొక్కటియైనను తలయూపలేదు. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణశాఖ గనిని త్రోసిపుచ్చినది. 2016లో మరల సభలు పెట్టింపవలెనని రాష్ట్రపక్షమున కోరగా సుప్రీముకోర్టు అంగీకరింపలేదు. చదువురానివారని మనము తలచు జనము చట్టపుస్తకములోని యొక సెక్షనును చదువువచ్చిన మనకంటె నెక్కువగా వాడుకొనిరి. నేను ముప్పదియేండ్లు పౌరనీతి పాఠము చెప్పితిని. గ్రామసభ యన్న పాఠమునకు ఇట్టి యుదాహరణము అప్పుడు నాయొద్ద లేదు.

అయినచో గెలిచిన తరువాత పండుగలో నిరసన యెందుకు? ఖనిజము కొండలోనే యున్నది. దానిని కోరువారును ఉన్నారు. లాంజిగఢ్ కర్మాగారము ఇతర ప్రాంతములనుండి ఖనిజము తెప్పించుకొని నడచుచున్నది. 2023లో అదే ప్రాంతమున సిజిమాలి యను మరియొక కొండ గనివేలములో వేదాంతవారి పక్షమున తేలగా, అచ్చటి పల్లెలలో ఆందోళన రేగినది. కావున కోదులు ప్రతి యేడును కొండనెక్కి, మేమున్నామని చెప్పుచుందురు. మన పొలముగట్టును ఏటేట చెక్కుకొనుట లేదా? ఒకయేడు మానినచో ప్రక్కవాని నాగలి లోనికి వచ్చును.

నేను పోయిన దారి చెప్పెదను. నౌపడానుండి గుణుపురమునకు రైలు కలదు. పర్లాకిమిడి మహారాజావారు 1900లో వేయించిన చిన్నరైలు అది. 1931 నాటికి గుణుపురమువరకు పోయెను. 2011లో పెద్దపట్టాల దారియైనది. టెక్కలి, టెంబూరు, పాతపట్టణము, పర్లాకిమిడి, కాశీనగరము దాటి పోవును. ఆ రైలులో కూర్చుండినచో సగముదూరము తెలుగు వినబడుచునే యుండును. గుణుపురమున దిగి, బస్సులో బిస్సంకటకము వైపు పోయి, పిమ్మట జీపులో కొంతదూరము, కాలినడకను కొంతదూరము పోవలెను. కొండక్రింద దారిలో సాయుధులు నిలిపి, పేరు, ఊరు, వచ్చిన పని అడుగుదురు. నేను పింఛను పుస్తకము చూపితిని. "ముసలివాడవు, నీకిచ్చట నేమి పని?" అని వారిలో నొకడు అడిగెను. ఇదే ప్రశ్న మా రచ్చబండకడను విన్నాను గదా యని నవ్వు వచ్చినది.

వాలంటీరు పని యనగా మీరేమేమో యూహింపవద్దు. మొదటిదినమున నన్ను నీళ్ళు మోయ నియమించిరి. ఊటనుండి వంటపొయ్యిలవరకు ఎగుడుదారి. రెండు తడవలు మోసినంతనే మోకాళ్ళు మొరపెట్టినవి. అది చూచి యొక కోదుయువకుడు నా చేతినుండి బిందె తీసికొని, నన్ను తీసికొనిపోయి ముసలమ్మలనడుమ కూర్చుండబెట్టెను. వారు అడ్డాకు విస్తళ్ళు కుట్టుచుండిరి. ఆ విద్య నాకు బాల్యమున మా యమ్మ నేర్పినదే. రెండుదినములు విస్తళ్ళు కుట్టితిని. వారి కుట్టు వేరు, మన కుట్టు వేరు, వారిది గట్టిది. వందలకొలది జనము భోజనమునకు వచ్చుచుందురు, విస్తళ్ళెన్నియైనను చాలవు. రాత్రి చలిలో కట్టెలు ప్రోగుచేయుట, తప్పిపోయిన పిల్లలను తల్లులకు చేర్చుట, తెలుగువారు వచ్చినచో వారికి దారి చూపుట, ఇవి తక్కిన పనులు. మూడవనాడు చెత్త యేరితిమి. ఆ చెత్త కోదులది కాదు. కొండను కాపాడుటకై పట్టణములనుండి వచ్చిన మనవంటివారు పారవేసిన ప్లాస్టికు సంచులు, బిస్కత్తు కాగితములు, నీళ్ళసీసాలు రెండుగోతములు నిండినవి. ఒక డోంగ్రియా బాలిక ఆ సీసాలను జాగ్రత్తగా వేరుచేసి, నూనె పోసికొనుటకు ఇంటికి తీసికొనిపోయెను.

ఇచ్చట నొకమాట నిర్మొహమాటముగా చెప్పవలెను. అట్టి పండుగలకు వచ్చువారిలో చేతులతో వచ్చువారు కొందరు, నోటితో వచ్చువారు పెక్కుమంది. వచ్చినవెంటనే వేదిక యెక్కి, కోదులకు కోదుల బాధను గూర్చి గంటసేపు ఉపన్యసించి, కెమెరాకు ముఖము చూపి, సాయంకాలపు బండికి పోవువారిని చూచితిని. కోదులు మర్యాదస్థులు, కూర్చుండి విందురు. తరువాత లేచి డప్పు వాయించుకొందురు. మనము పోవుదుమేని మొదటి కోవలో పోవలెను. ఉపన్యాసము లిచ్చు వృత్తిలో జీవితము గడపినవాడను గనుక నాకు ఆ నిగ్రహము కొంత కష్టమైనది.

భాషను గూర్చి యొక చిన్న ముచ్చట. వారి మాట కువి భాష. మొదట నొక్కముక్కయు తెలియదని తోచును. విస్తళ్ళు కుట్టుచు చెవియొగ్గి వినగా, ఇంటిని 'ఇల్లు' అనుచున్నారు, కంటిని 'కన్ను' అనుచున్నారు, చేతిని 'కేయు' అనుచున్నారు, చెట్టును 'మార్ను' అనుచున్నారు. మన మ్రానే గదా అది! భాషాశాస్త్రజ్ఞులు తెలుగును కువిని ద్రావిడభాషలలో నొకే శాఖకు చేర్చిరని చదివియుంటిని. చదువుట వేరు, వినుట వేరు. తమిళ కన్నడములకంటె ఈ కొండభాష మనకు దగ్గరి చుట్టము. మన గిడుగు రామమూర్తిగారు, వాడుకభాష విషయమున వారికిని నాకును పొత్తు కుదరకపోయినను, పర్లాకిమిడిలో నుండి సవరభాష నేర్చి, సవరపిల్లలకు బడి పెట్టి, ఆ భాషకు వ్యాకరణము, నిఘంటువు వ్రాసిరి. సవర వేరు కుటుంబపు భాష. అయినను పట్టుదలతో నేర్చిరి. చుట్టమైన కువిని నేర్చుటకు మనలో నెవరు పూనుకొన్నారు? నేనును నలుబది మాటలకు మించి నేర్వలేదు.

ఒకనాటి సాయంకాలము నావలెనే విస్తళ్ళు కుట్టుచున్న యొక ముదుసలి, ఒడియా తెలిసిన మనుమనిచేత నన్ను అడిగించెను. "ఈ యేరు మీ యూరికి పోవునా?" పోవునని చెప్పితిని. "మీ యూరివా రెందరు వచ్చిరి?" నేనొక్కడనే యంటిని. అతడు తలయూపి, మరల ఆకు చేతికి తీసికొనెను. నిందింపలేదు. లెక్క తెలిసికొన్నాడు, అంతే.

మీలో కొందరికి జంతుబలి అభ్యంతరముగా నుండవచ్చును. ఆ పండుగలో బలు లిత్తురు, జీలుగుకల్లు త్రాగుదురు. నేను శాకాహారిని. ఆ వేళ కొంచెము ప్రక్కకు తొలగి కూర్చుంటిని. వారును నన్ను బలవంతపెట్టలేదు. నాకు చోడి అంబలి వేరుగా పోసి యిచ్చిరి. మన గ్రామదేవతల సంబరములలో జరుగునది ఏమో మన మెరుగమా? కావున ఆ సాకుతో వారిని తక్కువ చూచుటకు మనకు అధికారము లేదు. అంతకంటె పెద్దమాట యొకటి కలదు. శ్రీముఖలింగములో వెలసిన మధుకేశ్వరుడు ఇప్పచెట్టు మొదట వెలసినవాడని, ఆ చెట్టు సవరలదని స్థలపురాణము. ఆ యాలయము వంశధార యొడ్డుననే యున్నది. అడవిబిడ్డల చెట్టులో పుట్టిన దేవునికి కొబ్బరికాయ గొట్టుచు, అదే యేటి మొదట అడవిబిడ్డలు కొలుచుకొను దేవుని కొండోళ్ళ దేవుడనుట యెట్లు పొసగును?

"గనులు రానిచో పిల్లలకు ఉద్యోగములెట్లు?" అని మరికొంద రడుగుదురు. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. మన పల్లెలనుండి పిల్లలు హైదరాబాదునకు, చెన్నపట్టణమునకు, గుజరాతు రేవులకు వలసపోవుచున్నారు. ఆ దుఃఖము ఇంటింటను ఉన్నది. లాంజిగఢ్‌లోను కర్మాగారము కావలెననువారు కలరు; పని దొరకినవారు కలరు. వారు చెడ్డవారు కారు. కాని గని పని ఇరువదియైదేండ్లది. డోంగ్రియాల వాలుపొలములలో అనాస, అరటి, పసుపు, అల్లము, పనస పండుచున్నవి. బిస్సంకటకము, మునిగుడ సంతలలో అమ్ముచున్నారు. మన ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి యెట్టివో అవి వారికట్టివి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఒక్కరాత్రిలో మన కొబ్బరిచెట్లను కూల్చివేసినపుడు మనకు కలిగిన దిక్కులేనితనము మరచితిమా? అది గాలి చేసినపని; ఎవరిని అడుగుదుము? కొండ విషయమున అడుగుటకు మనుష్యులున్నారు, చట్టమున్నది.

చట్టమన్నాను గనుక మనవైపు సంగతి యొకటి. అనంతగిరి మండలమున బొర్రా ప్రాంతపు గనుల వ్యాజ్యములో, సమతా కేసని పేరుబడినదానిలో, 1997 జూలైలో సుప్రీముకోర్టు షెడ్యూలు ప్రాంతపు భూములను గిరిజనేతరులకు గనికౌలు కిచ్చుట చెల్లదనినది. విశాఖమన్యపు బాక్సైటుకు 2015లో వెలువడిన అనుమతి యుత్తరువును ప్రజలు ప్రతిఘటింపగా, 2019లో రద్దు చేసిరి. ఇక సోంపేట బీలలో బొగ్గు విద్యుత్కేంద్రము వలదని 2009 డిసెంబరునుండి నిరాహారదీక్షా శిబిరము నడిపినవారు, 2010 జూలై 14న తుపాకిగుండ్లకు గురియైనవారు, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి తంపరలో కూలినవారు మన బంధువులు, మన వియ్యాలవారు. ఆ కథ మీకు నాకంటె బాగుగా తెలియును. దానిని రేడియోలో రెండుముక్కలుగా చెప్పుట మర్యాద కాదు. ఒక్కటి మాత్రము జ్ఞాపకము చేసెదను. సోంపేట శిబిరములో కూర్చుండినవారికి వంతులవారీగా ఊరూరినుండి బియ్యము, కూరగాయలు, మజ్జిగ వచ్చెడివి. కూర్చుండినవారి పేర్లు పత్రికలలో పడినవి. మజ్జిగ తెచ్చినవారి పేర్లు పడలేదు. శిబిరము నిలిచినది మాత్రము ఆ మజ్జిగమీదనే.

నియమగిరి పండుగకు కావలసినదియు నట్టి చేయూతయే. వంశధార యెడమకాలువ క్రింద సాగు చేయుచున్న గ్రామములు, కుడికాలువ గ్రామములు, ఒక్కొక్కటి ఇద్దరిని పంపినచో చాలును. ఒక పెద్ద, ఒక కుర్రవాడు. పెద్ద యెందుకనిన, కుర్రవాడు ఒక్కడే పోయినచో దారిలో అనుమానింతురు. పెద్దయే పోయినచో బిందె మోయలేడు. నీటిసంఘము తీర్మానము వ్రాసి యిచ్చినచో మరియు మంచిది: ఫలానా గ్రామపు రైతులము, ఈ నీటిని వాడుకొనువారము, ఈ కొండ యున్నట్లే యుండవలెనని కోరుచున్నాము అని నాలుగు పంక్తులు. రెండు రాష్ట్రముల తగవులో మన తరపున ప్రభుత్వము వ్రాసినది, మనమెన్నడును వ్రాయలేదు.

పోదలచినవారు ఫిబ్రవరి మొదటివారముననే తేదీ విచారించుకొనుడు. కొండమీద చలి మెండు, కంబళి తప్పనిసరి. ఒక లోటా, ఒక పళ్ళెము, ఒక చేతిదీపము, గుర్తింపుకార్డు, మందులు వాడువారు తమ మందులు, మోకాలినొప్పులవారు ఒక కర్ర. సేరుబియ్యము, పప్పు తీసికొనిపోయి వంటసాలకు ఇండు. వట్టిచేతులతో పోయి పంక్తిలో కూర్చుండవద్దు. ప్లాస్టికు సంచి వలదు, గుడ్డసంచి చాలును. అడుగక ఎవరి బొమ్మను తీయవద్దు, ముఖ్యముగా పూజవేళ. వేదికమీదికి రమ్మన్నను ఒకమాటకు మించవద్దు. నౌపడాలో గుణుపురపు రైలు ఎన్నిగంటలకో ముందునాడే తెలిసికొనుడు, వేళలు మారుచుండును. ఈ పర్యాయము మా యూరినుండి నాతో మరి ముగ్గురు వచ్చుచున్నారు. రచ్చబండకడ నన్నడిగిన పెద్ద వారిలో నొకడు. అడ్డాకు కుట్టుట తనకును వచ్చునని చెప్పుచున్నాడు.